నలభై మూడు చిల్లులు

విమాన ప్రమాదాల దర్యాప్తు కార్యాలయంలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా మెడలో నల్లదారానికి భూతద్దం వేలాడేసుకుని తిరుగుతూ ఉండడంతో, గేటు దగ్గర కాపలా మనిషి నుంచి డైరెక్టరు దాకా అందరికీ ఆమె భూతద్దం మేడమే. విరిగిన లోహపు ముక్క ఏదైనా సరే ఆమె బల్లమీదికి రావలసిందే. అది ఎప్పుడు విరిగింది, ఎందుకు విరిగింది, దెబ్బ ఎటునుంచి తగిలింది అన్నది నిలదీసి అడిగి రాబట్టినట్టు చెప్పేది.

లోహాలు ఆమె మాట వినేవి గానీ, ఇంట్లో మగవాళ్లు వినేవాళ్లు కాదు. భర్త ముప్ఫై ఏళ్లు సైనికులకు క్షిపణుల పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఊరంతటికీ మాస్టారు. తమ్ముడు ఆమె పనిచేసే కార్యాలయంలోనే దర్యాప్తు అధికారి, కాపురం పక్క వాటాలో. బావాబావమరుదులకు ఒకరంటే ఒకరికి ప్రాణం. ఒకరికి జ్వరం వస్తే రెండోవారికి ముద్ద దిగదు. కానీ ఒకరు అవునన్నదాన్ని రెండోవారు అవునన్న రోజు మాత్రం ఆ ఇంటి చరిత్రలో లేదు. కుళాయి వాషరు ఎటు తిప్పాలన్న దగ్గర మొదలైన వాదన ఒకసారి మూడు రోజులు నడిచింది. మూడు రోజులూ కుళాయి కారుతూనే ఉంది. చివరికి ఆమే స్పానర్ తీసుకుని బిగించుకుంది.

అలాంటి ఇద్దరినీ ఒకే దర్యాప్తులో వేశారు.

జరిగింది ఇదీ. ఒక ఆదివారం పొద్దున పారాచూట్ క్లబ్బు వాళ్ల చిన్న విమానం ఆరుగురు దూకేవాళ్లతో పైకి లేచింది. నడుపుతున్నది ఇరవై ఆరేళ్ల పైలట్ అమ్మాయి. ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఢామ్మని చప్పుడై, విమానం జ్వరం వచ్చినట్టు వణికింది. అమ్మాయి ఆరుగురినీ ముందు దూకించి, తర్వాత తనూ దూకింది. ఒకాయన బడి కప్పు మీద, ఒకావిడ కుంటలో నడుము లోతు నీళ్లలో, ఇంకొకాయన ముళ్ల పొదల మధ్య దిగారు గానీ అందరూ నవ్వుతూనే బయటపడ్డారు. అమ్మాయికి ఎడమ మణికట్టు బెణికింది. ఖాళీ విమానం కోత అయిపోయిన రాళ్ల పొలంలో పడింది. ఒక్క మేకకైనా దెబ్బ తగల్లేదు.

అంతవరకూ బాగానే ఉంది. అయితే విమానం ఎడమ రెక్కనిండా, పొట్ట కిందా చిల్లులున్నాయి. లెక్కపెడితే నలభై మూడు. సరిగ్గా అదే పొద్దున, ఇరవై కిలోమీటర్ల అవతల సైన్యం వాళ్లు క్షిపణులు పేల్చే అభ్యాసం చేశారు. ఇంకేముంది, పేపర్లకు పండగ.

చిల్లుల గురించి చెప్పగల ఆయుధ నిపుణుడు దగ్గర్లో ఎవరున్నారని డైరెక్టరు వాకబు చేస్తే, ఎవర్ని అడిగినా మాస్టారి పేరే చెప్పారు. ఒకే ఇంటివాళ్లు ముగ్గురు ఒక దర్యాప్తులో ఉంటే బాగుంటుందా అని ఎవరో సణిగారు. డైరెక్టరు నవ్వేశాడు.

"మొహమాటానికైనా ఒకరి మాట ఒకరు ఒప్పుకోరు వాళ్లు. అంతకంటే నమ్మకమైన కమిటీ నాకెక్కడ దొరుకుతుంది?" అన్నాడు.

శకలాలన్నీ లారీల్లో తెచ్చి పెద్ద షెడ్డులో పరిచారు. నేలమీద సుద్దతో విమానం బొమ్మ గీసి, ఏ ముక్క ఉండవలసిన చోట ఆ ముక్క పెట్టారు. మొదటి రోజే మాస్టారు ఎడమ రెక్క ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"ఇందులో ఆలోచించేదేముంది?" అన్నారు. "చిల్లులన్నీ ఒకచోటే గుంపుగా ఉన్నాయి. క్షిపణి దగ్గర్లో పేలితే ముక్కలు ఇలాగే వచ్చి కొడతాయి. ముప్ఫై ఏళ్లు ఇదే పాఠం చెప్పాను."

"బావా, ముప్ఫై ఏళ్లు ఒకే పాఠం చెప్పినవాడికి జల్లెడ చూసినా మిస్సైల్ తగిలినట్టే ఉంటుంది" అన్నాడు తమ్ముడు. "ముక్కు, తోక, రెండు రెక్కల చివర్లు. ఈ నాలుగూ ఒక్క పొలంలోనే దొరికాయి. అంటే విమానం నేల దాకా ముక్కలవకుండా వచ్చింది. పొలం గట్టున రైతు ఏరిపోసిన రాళ్ల కుప్ప ఉంది. ఎడమ రెక్క పోయి దానిమీద పడింది. చిల్లులకి అంతకంటే ఏం కావాలి?"

"అంటే విమానం పడ్డాక చిల్లులు పడ్డాయంటావ్."

"పడుతుండగా పడ్డాయంటాను."

"మరి గాల్లో చప్పుడు?"

"చప్పుడుకేముంది, ఇంజన్ అన్నాక సవాలక్ష చప్పుళ్లు" అని తమ్ముడు దాటేశాడు.

ఆ వాదన షెడ్డులో మొదలై, కారులో సాగి, ఇంట్లో భోజనాల బల్ల దగ్గర వేడెక్కేది. మాస్టారు చెంచాను క్షిపణి చేసేవారు. తమ్ముడు మూకుడు బోర్లించి నేల చేసేవాడు. మధ్యలో అప్పడం విమానమై, రోజూ ముక్కలయ్యేది. మరదలు గోడ అవతల నుంచి, "వదినా, మీ ఇంట్లో ఇవాళ విమానం పడిందా ఇంకా లేదా?" అని అడిగేది. పడితేగానీ మొగుడు ఇంటికి రాడు మరి.

భూతద్దం మేడమ్ ఎవరి పక్షమూ వహించలేదు. ఆమె పని ఆమె చేసుకుంటోంది. ఒక్కొక్క చిల్లుకూ నంబరు వేసింది, ఫొటో తీసింది, అంచుల్ని మెత్తటి కుంచెతో తుడిచి ఆ మట్టిని విడివిడిగా చిన్న గిన్నెల్లో పోసింది. పదిహేడో చిల్లు లోపల ఒక గవ్వంత నత్తగుల్ల దొరికింది. తమ్ముడు ఎగిరి గంతేశాడు.

"ఎనిమిది వేల అడుగుల ఎత్తులో నత్తలు తిరుగుతాయా బావా?"

"పడ్డాక రెండు రోజులు పొలంలోనే ఉందిగా విమానం. చిల్లు కనపడితే నత్త దూరదా? నువ్వైనా దూరతావు" అన్నారు మాస్టారు, తొణక్కుండా.

మేడమ్ నవ్వుకుంది. ఈసారి మాట మాస్టారిదే నెగ్గింది. నత్త సాక్ష్యం చెల్లదని కాగితం మీద రాసుకుంది.

షెడ్డు బయట ఒక బెంచీ ఉంది. పైలట్ అమ్మాయి రోజూ సైకిల్ తొక్కుకుంటూ వచ్చి ఆ బెంచీ మీద కూర్చునేది. లోపలికి రావడానికి వీల్లేదు. దర్యాప్తు తేలేదాకా లైసెన్స్ ఆపేశారు. క్లబ్బు యజమాని కనపడినవాళ్లందరికీ ఒకటే మాట చెబుతున్నాడు: "కాస్త వణికితే భయపడిపోయి, బంగారం లాంటి విమానాన్ని గాలికొదిలేసింది. ఇంజన్ ఆపి మెల్లగా దింపుకుని రావచ్చు కదా?" ఆ మాట ఆ పిల్ల చెవిన పడకుండా ఉంటుందా? మణికట్టుకు కట్టుతో, మొహాన నవ్వు తెచ్చిపెట్టుకుని, "తేలిందా మేడమ్?" అని అడిగేది. "తేలుతుందమ్మా" అనేది ఈమె. మాస్టారు మాత్రం వెళ్లి ఆ పిల్ల పక్కన కాసేపు కూర్చుని వచ్చేవారు.

రెండో వారం, సెలవు రోజు పొద్దున, మేడమ్ డాబా మీద బట్టలారేస్తోంది. మాస్టారు క్లిప్పులు అందిస్తున్నారు.

"ఏవండీ, మీకు నిజంగానే మిస్సైల్ అనిపిస్తోందా?"

మాస్టారు ఒక క్లిప్పును తెరిచి మూశారు. "అనిపించాలి" అన్నారు.

"అనిపించాలంటే?"

"మిస్సైల్ కాకపోతే ఆ పిల్ల పిరికిది అయిపోతుందోయ్. జీవితాంతం అందరూ అదే అంటారు. మిస్సైల్ తగిలిందంటే దూకక ఏం చేస్తుందని ఒప్పుకుంటారు."

తడి చొక్కా పట్టుకుని ఆమె అలాగే నిలబడిపోయింది. ఇన్నాళ్లూ ఈయనది వట్టి పంతం అనుకుంది. పెళ్లై ముప్ఫై ఏళ్లయినా ఈ మనిషి ఎప్పటికప్పుడు కొత్తగానే దొరుకుతాడు. కోప్పడడానికి మనసు రాలేదు. ఊరుకోవడానికీ రాలేదు.

"ఆ పిల్ల మీద నాకూ జాలి ఉందండీ. కానీ చిల్లుకి జాలి ఉండదు కదా. మనం తప్పు చెప్పి కాపాడితే, రేపు ఇంకెవరో వచ్చి తప్పని తేలుస్తారు. అప్పుడు ఆ పిల్ల రెండుసార్లు పడుతుంది." చొక్కా దులిపి తీగమీద వేసింది. "మీ పాఠాల పెట్టెలో రేకులుండాలి. అభ్యాసంలో క్షిపణి ముక్కలు తగిలినవి. రేపు పట్టుకురండి. పక్కపక్కన పెట్టి మీరే చూడండి. మీ కళ్లను నేను నమ్ముతాను."

మర్నాడు మాస్టారు పెట్టె తెచ్చారు. మైక్రోస్కోప్ కింద ముందు తన రేకు పెట్టారు, తర్వాత రెక్క ముక్క. మళ్లీ రేకు, మళ్లీ రెక్క. తమ్ముడు ఏదో అనబోతే అక్క కళ్లతోనే ఆపేసింది. అరగంట గడిచింది. మాస్టారు అద్దం మీంచి తల ఎత్తలేదు.

ఆయన రేకులో చిల్లు అంచు కరిగి మళ్లీ గడ్డకట్టినట్టు నున్నగా ఉంది. చుట్టూ సూదితో పొడిచినట్టు సన్నటి గుంటలున్నాయి. వెనకాల ఉంచిన రెండో రేకును కూడా ముక్క తొలుచుకుపోయింది. రెక్కలో అవేమీ లేవు. అంచులు చింపిన గుడ్డలా ఉన్నాయి. దెబ్బ మొదటి రేకు దగ్గరే ఆగిపోయింది. మడత పడ్డ పెయింటు లోపల, మడతతో పాటే నలిగిపోయిన రాతిపొడి ఉంది. పడ్డాక వచ్చి చేరింది కాదు, ఏ నత్తా మోసుకొచ్చింది కాదు.

"ఇది నా సరుకు కాదు" అన్నారు మాస్టారు చివరికి. "నేలే. నలభై మూడూ నేలే." అని బావమరిది వైపు తిరిగి, "ఊఁ, గంతెయ్యి. వేసుకో" అన్నారు.

తమ్ముడు గంతెయ్యలేదు. బావ అంత మెత్తగా ఓడిపోవడం అతనికి కొత్త. కుర్చీలో ఇబ్బందిగా కదిలి, "కాఫీ తాగుదాం బావా" అన్నాడు.

కాఫీ తాగుతూనే మేడమ్ అడిగింది: "సరే. చిల్లులు నేల చేసింది. మరి మూడో కొస ఏది?"

"ఏ కొస?"

"ప్రొపెల్లర్‌కి మూడు రెక్కలు. మూడింటి కొసలూ విరిగాయి. రెండు కొసలే తెచ్చావు."

"మూడోది అక్కడే మట్టిలో దిగబడి ఉంటుంది అక్కా. నేలకి కొట్టుకున్నప్పుడు మూడూ విరిగాయని రాసేశాను."

"చూసి రాశావా, అనుకుని రాశావా?"

తమ్ముడు గ్లాసు కింద పెట్టాడు. నలభై మూడు చిల్లుల వెంటపడి మగవాళ్లిద్దరూ మూరెడు ముక్క సంగతే మర్చిపోయారు. ఆ మధ్యాహ్నమే మనుషుల్ని తీసుకెళ్లి పొలంలో నడుము లోతు తవ్వించాడు. రాళ్లు దొరికాయి, పాత చెప్పు ఒకటి దొరికింది, కొస దొరకలేదు.

సాయంత్రం మట్టికాళ్లతో వచ్చి, "బావా, అది అక్కడ లేదు" అన్నాడు.

మాస్టారి కళ్లు మెరిశాయి. "లేదంటే గాల్లోనే ఊడిందన్నమాట. అంత వేగంగా తిరిగేదానికి ఒక రెక్క కొస పోతే, మిగతా రెండూ ఇంజన్‌ని పట్టుకుని కుదిపేస్తాయి. ఇంజన్ బిగింపులు తెగే ఉంటాయి. ఇక ఆ విమానాన్ని ఎవడు దింపగలడు?"

"అది నేనూ అంటున్నాను."

"నువ్వెక్కడన్నావు? నేనన్నాను."

"ఇద్దరూ అన్నారు లెండి" అంది మేడమ్. "మాటలతో ఏం లాభం? ముక్క కావాలి."

ఆ వారమంతా ఇంట్లో భోజనాల బల్ల మీద అప్పడాలు క్షేమంగా ఉన్నాయి. తమ్ముడు విమానాశ్రయం నుంచి రాడార్ కాగితాలు తెచ్చాడు. విమానం ఎక్కడ ఉండగా ఒక్కసారి ఎత్తు తగ్గడం మొదలైందో వాటిలో ఉంది. ఆ పొద్దున గాలి ఎటు వీచిందో, ఎంత వీచిందో వాతావరణం వాళ్లను అడిగి రాసుకొచ్చాడు. విసిరిన వస్తువు ఎక్కడ పడుతుందన్నది మాస్టారు జీవితమంతా చెప్పిన లెక్కే. కళ్లజోడు ముక్కుచివరకు జార్చుకుని, రెండు నోటుపుస్తకాలు నింపి, మ్యాప్ మీద కోడిగుడ్డు ఆకారంలో గీత గీశారు.

"దీని లోపల ఉంటుంది."

"బావా, ఇది మూడు కిలోమీటర్ల పొడుగుంది."

"ఆకాశం అంతకంటే పెద్దదిరా."

శనివారం పొద్దున్నే వెతకడానికి బయల్దేరారు. పైలట్ అమ్మాయితో పాటు ఆ రోజు దూకిన ఆరుగురూ వచ్చారు. పిలవకుండానే వచ్చారు. బారెడేసి దూరాన వరసగా నిలబడి, తలలు దించుకుని, పొలాల్లో అడుగులో అడుగు వేసుకుంటూ నడిచారు. కుంటలో దిగినావిడ ఈసారి కూడా బురదలో దిగబడింది. బడి కప్పు ఆయన, "పైనుంచి దూకడం దీనికంటే సుఖం" అని మూలిగాడు. నవ్వుతూ, మూలుగుతూ ఎండ నెత్తికెక్కేదాకా నడిచారు. కొస జాడ లేదు.

గీత చివర ఒక మొక్కల నర్సరీ ఉంది. మంచినీళ్లు అడుగుదామని లోపలికి వెళ్లారు. నడిపేది ఒక యాభై ఏళ్ల ఆవిడ. ఆవిడ మడి పక్కన గొంతుక్కూర్చుని, చేతిలోని దేనితోనో మట్టిని సాపు చేస్తోంది. మూరెడు పొడుగు, కాస్త వంపు, ఒక అంచు పల్చగా, చివర ఎర్రటి చార. పట్టుకునే వైపు పాతగుడ్డ చుట్టి పురికొసతో బిగించి ఉంది.

తమ్ముడు బావ భుజం పట్టుకున్నాడు. బావ అప్పటికే తమ్ముడి భుజం పట్టుకుని ఉన్నారు.

"అమ్మా, అదెక్కడిది?" అంది మేడమ్.

"పైనుంచి పడింది" అంది నర్సరీ ఆవిడ, తల ఎత్తకుండానే. "టమాటా నారు మీద పడి ముప్ఫై మొక్కలు పాడు చేసింది. నాదంటూ ఎవరూ రాలేదు. నష్టం చేసినదాన్ని ఊరికే ఎందుకు వదలాలి? పనిలో పెట్టుకున్నాను. మడి సాపు చేయడానికి దీన్ని మించింది లేదు."

"ఆ గుడ్డ ఎందుకు చుట్టారు?"

"విరిగిన వైపు చేతికి గుచ్చుకుంటోంది. పడ్డ రోజే చుట్టేశాను. మళ్లీ విప్పలేదు."

మేడమ్‌కు ఆవిడను కౌగలించుకోవాలనిపించింది. విరిగిన చోట ఎండా వానా మట్టీ పడకుండా ఇరవై రోజులు గుడ్డలో భద్రంగా ఉంది. ల్యాబ్‌లో తను దాచినా ఇంత జాగ్రత్తగా దాచి ఉండేది కాదేమో.

"ఇది మాకు కావాలమ్మా."

"మరి నా మడులు?"

"నేను ఇంకోటి చేసిస్తాను" అన్నారు మాస్టారు. "ఇదే వంపు, ఇదే బరువు. అల్యూమినియంతో. పిడి కూడా పెట్టిస్తాను."

"పిడి కాస్త పొడుగ్గా పెట్టండి. నాకు నడుం నొప్పి" అంది ఆవిడ, ముక్కను అందిస్తూ.

సోమవారం ల్యాబ్‌లో మేడమ్ గుడ్డ విప్పింది. ఈసారి పైలట్ అమ్మాయిని లోపలికి రానిచ్చారు. డైరెక్టరు కూడా వచ్చి గోడవార నిలబడ్డాడు. మేడమ్ సర్దుకుని, మైక్రోస్కోప్ తిప్పి, చాలాసేపు చూసింది. తర్వాత మొహం ఎత్తినప్పుడు నవ్వు ఆగలేదు.

"రా అమ్మా, నువ్వే చూడు."

అమ్మాయి వంగి చూసింది. విరిగిన అంచు మీద ఒక మూల ఆవగింజంత గుంట ఉంది. అక్కడ మొదలై, కుంటలో నీళ్లు రోజురోజుకీ తగ్గిపోతుంటే ఒడ్డు బురదలో మిగిలే గీతల్లా, ఒకదాని వెనక ఒకటి వంపు గీతలున్నాయి.

"ఎప్పుడో ఒక గులకరాయి ఎగిరి తగిలి ఆ గుంట పడింది" అంది మేడమ్. "విమానం ఎగిరిన ప్రతిసారీ పగులు వెంట్రుకవాసి పెరిగింది. ఒక్కొక్క గీతా దాని అడుగుజాడే. పైన పెయింటు పూత ఉంది కాబట్టి ఎవరికీ కనపడలేదు. నీకూ కనపడదు, మెకానిక్‌కీ కనపడదు. ఆదివారం నాడు ఇక మిగిలిన కాస్తా తెగింది. ఇంజన్ బిగింపులు కూడా చూశాను. నాలుగింట్లో రెండు గాల్లోనే తెగాయి. నువ్వు ఇంకో నిమిషం లోపల కూర్చుని ఉంటే నేనీ మాటలు నీతో చెప్పేదాన్ని కాదు."

అమ్మాయి అద్దంలోంచి కళ్లు తీయలేదు. "అయితే నేను దూకడం..."

"సరైన పని. ముందు ఆరుగుర్ని దూకించావు చూడు, అది ఇంకా సరైన పని."

ఆ పిల్ల లేచి నిలబడింది. ఏడుస్తుందేమోనని మాస్టారు జేబురుమాలు తీసి సిద్ధంగా పట్టుకున్నారు. ఏడవలేదు. "ఇంకోసారి చూడనా మేడమ్?" అని మళ్లీ వంగింది. జేబురుమాలు మాస్టారికే పనికొచ్చింది.

నివేదిక రాసేటప్పుడు పాత గొడవ మళ్లీ తలెత్తింది.

"గాల్లోనే ఏదో జరిగిందని మొదటి రోజు అన్నది నేను" అన్నారు మాస్టారు.

"చిల్లులు నేల చేసిందన్నది నేను" అన్నాడు తమ్ముడు.

"మూడో కొస అడిగింది ఎవరు?" అన్నాడు డైరెక్టరు తలుపు దగ్గర నుంచి. ఇద్దరూ ఆమె వైపు చూసి, ఒక్కసారే నవ్వేశారు. ఒకే మాట మీద ఇద్దరూ నిలబడడం అదే మొదలని ఆమె మరదలికి ఫోన్ చేసి చెప్పింది. మరదలు నమ్మలేదు.

నివేదిక బయటికి వచ్చిన వారానికి అమ్మాయి లైసెన్స్ తిరిగి వచ్చింది. క్లబ్బు యజమాని స్వయంగా వెళ్లి, అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నానని నలుగురిలో చెప్పాడు. రెండు నెలలకు కొత్త విమానం కూడా వచ్చింది. మొదటి రోజు ఎవరిని ఎక్కించుకుంటావని అడిగితే, అమ్మాయి మేడమ్ వైపు చూసింది. "ముందు నర్సరీ ఆవిడను" అంది మేడమ్.

ఆవిడ చీర కొంగు గట్టిగా దోపుకుని ఎక్కింది. పావుగంట చక్కర్లు కొట్టి దిగింది. కింద మేడమ్, మాస్టారు, తమ్ముడు, దూకేవాళ్లు ఆరుగురూ చుట్టూ మూగారు.

"ఎలా ఉందమ్మా? భయమేసిందా?"

"భయమెందుకూ?" అంది ఆవిడ. "మా తోట మీదుగా తీసుకెళ్లింది. పైనుంచి చూస్తే ఆ నాలుగో మడి వంకరగా ఉంది. ఇన్నేళ్లుగా ఒక్కరైనా చెప్పలేదు." అంటూనే చెప్పులు తొడుక్కుని, మాస్టారు చేసిచ్చిన పరికరం సంచీలోంచి తీసుకుని, మడి సరిచేయడానికి గబగబా నడిచి వెళ్లిపోయింది.